గడియారం చూడటం రాని వారి దినచర్య

మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఇంటి బయట కొన్ని గంటలు గడుపుతూ నేర్చుకొనే చోటును పూర్వ ప్రాథమిక పాఠశాల అనీ, వాడుకలో ప్రీస్కూల్ అనీ అంటారు. ఆ వయసు వారికి గడియారం చూడటం రాదు. పదకొండు గంటలంటే ఎప్పుడో, ఇంకో అరగంటంటే ఎంతసేపో వారి ఊహకు అందదు. అయినా అన్నం తిన్నాక పడుకుంటామనీ, నిద్ర లేచాక అమ్మ వస్తుందనీ మూడేళ్లు నిండేసరికే వారికి తెలిసిపోతుంది. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కేథరిన్ నెల్సన్ చిన్న పిల్లలు తమ రోజువారీ సంగతులను ఎలా చెబుతారో పరిశీలించి, ఫలానా రోజు జరిగిన ఫలానా సంఘటనగా కాక, ఎప్పుడూ జరిగే తంతుగా, ఒకదాని తర్వాత ఒకటిగా వారు చెబుతారని గుర్తించారు. మనసులో అలా ముద్రపడిన సంఘటనల వరుసకు ఆ శాస్త్రంలో 'స్క్రిప్ట్' అని పేరు. అంటే ఆ వయసులో కాలమంటే గంటలు, నిమిషాలు కాదు, వరుస మాత్రమే.

ఈ దృష్టితో చూస్తే ప్రీస్కూల్ దినచర్య టీచరు సౌకర్యం కోసం గోడకు అంటించిన పట్టిక కాదనీ, పిల్లలకు కాలాన్ని మొదటిసారి పరిచయం చేసే పాఠమనీ అర్థమవుతుంది. ఆ పట్టికలోని పాట, కథ, అక్షరాలు, అంకెల గురించి తల్లిదండ్రులు ఆరా తీస్తారు గానీ, ఒక అంశం ముగిసి మరొకటి మొదలయ్యే సందుల్లో, అంటే బొమ్మలు సర్దేటప్పుడు, చేతులు కడుక్కొనేటప్పుడు, వంతు కోసం నిలబడేటప్పుడు ఏం జరుగుతున్నదని అడిగేవారు అరుదు. మంచి తరగతికీ నాసిరకం తరగతికీ ఉన్న తేడా ఎక్కువగా బయటపడేది ఆ సందుల్లోనే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ వయసు పిల్లలు ప్రధానంగా రెండు చోట్ల కనిపిస్తారు. మొదటిది అంగన్‌వాడీ కేంద్రం. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద నడిచే ఈ కేంద్రంలో ఒక టీచరు, ఒక ఆయా ఉంటారు, ఆటపాటలతో చదువు చెప్పడం వారు చేయవలసిన ఆరు రకాల సేవల్లో ఒకటి మాత్రమే. రెండవది ఎల్‌కేజీ, యూకేజీ పేర్లతో నడిచే ప్రైవేటు బడి. పట్టణాల్లో అక్కడక్కడ కనిపించే మాంటిస్సోరి బడులను మూడో రకంగా చెప్పవచ్చు. 2013 నాటి బాల్యారంభ సంరక్షణ, విద్య జాతీయ విధానం ఇలాంటి చోట్ల రోజుకు మూడు నాలుగు గంటల కార్యక్రమం ఉండాలనీ, మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్లో ఇరవై మందికి ఒక పెద్ద మనిషి ఉండాలనీ సూచించింది. 2020 నాటి జాతీయ విద్యా విధానం మరో అడుగు ముందుకు వేసి, ప్రీస్కూలు మూడేళ్లనూ, ఒకటి, రెండు తరగతులనూ కలిపి 'పునాది దశ' అనే ఒకే దశగా చేసింది.

రోజు మొదలయ్యేది పిల్లల రాకతో, చాలాచోట్ల ఏడుపుతో. తల్లి కనిపించకుండా పోతే మళ్లీ వస్తుందన్న భరోసా మాటలతో కుదరదు, పదేపదే అలాగే జరగడం వల్ల కుదురుతుంది. కాబట్టి కొత్తగా చేరిన బిడ్డ ఏడవకుండా ఉండాలని తల్లి చెప్పకుండా చాటుగా వెళ్లిపోవడం ఆ రోజుకు పనికొచ్చినా, మరునాటి ఏడుపును రెట్టింపు చేస్తుంది. వెళ్తున్నానని చెప్పి, రోజూ ఒకేలా చేయి ఊపి వెళ్లడమే మేలు. పిల్లలందరూ ఒకేసారి రారు కనుక, అనుభవం ఉన్న టీచర్లు మొదటి అరగంటను పాఠానికి కాక, పూసలు గుచ్చడం, చెక్క దిమ్మెలు పేర్చడం, బొమ్మల పుస్తకాలు తిరగేయడం వంటి ఎవరికి వారు చేసుకొనే పనులకు వదిలేస్తారు. ఆలస్యంగా వచ్చిన బిడ్డ కూడా ఏమీ పోగొట్టుకోకుండా అందులో కలిసిపోతాడు. వచ్చిన ప్రతి బిడ్డతోనూ టీచరు ఒక మాట మాట్లాడటానికీ, ఒంట్లో నలతగా ఉన్నవారిని గమనించడానికీ వీలు చిక్కుతుంది.

ఆ తర్వాత అందరూ గుండ్రంగా కూర్చొనే సమయం వస్తుంది. 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్న పిల్లల బడి తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ బడిలో పిల్లలు వలయంగా నిలబడి పాటలు పాడుతూ ఆటలు ఆడేవారు. వలయంలో ముందు వరుస, వెనుక వరుస ఉండవు. ఎవరి ముఖం ఎవరికైనా కనిపిస్తుంది. మన ఊళ్లలో ఒప్పులకుప్ప, గుడుగుడుగుంచం ఆడుతూ పెరిగిన పిల్లలకు ఈ కూర్పు కొత్తేమీ కాదు. పాటలు, పలకరింపులు, ఈ రోజు ఎవరు రాలేదో చూసుకోవడం, చేయబోయే పనులను చెప్పుకోవడం ఇక్కడ జరుగుతాయి. అయితే పెద్దలు నడిపించే ఇలాంటి కూర్పు పదిహేను, ఇరవై నిమిషాలు దాటితే పిల్లలు కదలడం, పక్కవారిని గిల్లడం మొదలవుతుంది; అది క్రమశిక్షణ లోపం కాదు, సమయం అయిపోయిందన్న సూచన. వారం పేరు, తేదీ, నెల, సంవత్సరం రోజూ కోరస్‌గా చెప్పించే అలవాటు చాలా బడుల్లో ఉంది గానీ, నిన్నకూ మొన్నకూ తేడా ఇంకా కుదురుకోని నాలుగేళ్ల వారికి ఇరవై ఆరో తేదీ వల్ల ఒరిగేది తక్కువ. అదే సమయంలో ఆకాశంలో మబ్బు పట్టిందా, వాకిట్లో నీళ్లు నిలిచాయా అని చూసి చెప్పమంటే వారు చెప్పేది వారికి తెలిసిన సంగతే అవుతుంది.

రోజంతటిలోనూ విలువైనదీ, తొందరగా కోతకు గురయ్యేదీ పిల్లలు తమ ఇష్టం వచ్చిన పని ఎంచుకొని చేసుకొనే సమయం. దీనికోసం గదిని మూలలుగా విడదీస్తారు. ఒక మూల లక్కపిడతలు, బొమ్మలతో బొమ్మరిల్లు, మరో మూల దిమ్మెలు, ఇంకో మూల పుస్తకాలు, వరండాలో ఇసుక, నీళ్లు. బయటివారికి ఇది టీచరు విశ్రాంతి తీసుకొనే వేళలా కనిపిస్తుంది. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు ప్రీస్కూలు పిల్లల ఆటను గమనించి, అది ఒంటరి ఆట, ఇతరుల ఆటను చూస్తూ ఉండటం, పక్కపక్కనే కూర్చొని ఎవరి ఆట వారు ఆడుకోవడం, వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటూ ఆడటం, ఒకే లక్ష్యంతో కలిసి ఆడటం అనే రూపాల్లో ఉంటుందనీ, వయసు పెరిగేకొద్దీ కలివిడి ఆట పెరుగుతుందనీ వివరించారు. కాబట్టి మూడేళ్ల బిడ్డ తోటివారి పక్కన కూర్చొని తన మానాన తాను ఇసుక పోసుకుంటూ ఉంటే, ఎవరితోనూ కలవడం లేదని తల్లి బెంగపడవలసిన పనిలేదు. వయసుకు తగిన ఆటే అది.

కలిసి ఆడే ఆటల్లో వేషం కట్టే ఆటకు ప్రత్యేక స్థానం ఉంది. రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో చేసిన ఒక ప్రసంగంలో, ఊహాలోకపు ఆట స్వేచ్ఛగా కనిపించినా లోపల నియమాలతో నడుస్తుందనీ, ఆ నియమాలకు కట్టుబడటంలోనే పిల్లలు తమ తక్షణ కోరికలను అదుపు చేసుకోవడం నేర్చుకుంటారనీ వాదించాడు. నాలుగు కుర్చీలను వరుసగా వేసి ఆర్టీసీ బస్సు అనుకుంటే, పాఠం వేళ రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లవాడు ప్రయాణికుడిగా తన స్టేజీ వచ్చేదాకా కదలకుండా కూర్చుంటాడు, కండక్టరుగా ఉన్న పిల్ల టికెట్లు ఇవ్వడం పూర్తయ్యేదాకా డ్రైవరు బండి తీయకుండా ఆగుతాడు. కోరికను కాసేపు ఆపుకోవడం, చెప్పింది గుర్తుంచుకోవడం, పరిస్థితి మారితే పద్ధతి మార్చుకోవడం అనే మూడింటినీ కలిపి నేటి మనస్తత్వ శాస్త్రం కార్యనిర్వాహక సామర్థ్యాలు అంటుంది. తర్వాతి చదువంతా ఆధారపడేది వీటి మీదే.

ఈ ఆట వేళ ఎంతసేపు ఉండాలన్న ప్రశ్నకు ఆసక్తికరమైన సమాధానం మరియా మాంటిస్సోరి పరిశీలనల్లో దొరుకుతుంది. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే పేదల వాడలో తన మొదటి 'పిల్లల ఇల్లు' ప్రారంభించి, 1939లో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన ఈ వైద్యురాలు, ఉదయం పిల్లలు ముందు తేలికైన పనులు ఎంచుకుంటారనీ, పది గంటల ప్రాంతంలో గది గోలగా మారి ఏ పనీ సాగనట్టు కనిపిస్తుందనీ రాశారు. దానిని ఆమె 'బూటకపు అలసట' అన్నారు. పిల్లలు విసిగిపోయారని భయపడి ఆ క్షణాన టీచరు అందరినీ బయటికి తీసుకుపోతే అంతటితో సరి. కలగజేసుకోకుండా కొంచెం ఓపిక పడితే మాత్రం వారు తమంతట తామే సర్దుకొని, ఉదయం ముట్టని కష్టమైన పనిని ఎంచుకొని అందులో మునిగిపోతారని ఆమె గమనించారు. మాంటిస్సోరి బడుల్లో సుమారు మూడు గంటలపాటు అంతరాయం లేని పని వేళ ఉండటానికి కారణం ఇదే. అరగంటకోసారి గంట కొట్టి పీరియడ్ మార్చే ఎల్‌కేజీ తరగతిలో పిల్లలు ఆ గోల దశ వరకు వచ్చి అక్కడే ఆగిపోతారు. పదేపదే కుదురు చెడగొట్టి, చివరికి పిల్లలకే కుదురు లేదని డైరీలో రాయడం న్యాయం కాదు.

ఇదే వేళను మరో పద్ధతిలో మలిచినవారు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఇప్సిలాంటి పట్టణానికి చెందిన డేవిడ్ వైకార్ట్ బృందం. 1960లలో వారు పేద కుటుంబాల పిల్లల కోసం నడిపిన పెర్రీ ప్రీస్కూల్ నుంచి రూపుదిద్దుకొన్న పద్ధతిలో, పిల్లలు ముందు ఏం ఆడతారో చెబుతారు, తర్వాత ఆడతారు, ఆపైన ఏం చేశారో నెమరు వేసుకుంటారు. మొదటిది ఆలోచన, రెండవది ఆచరణ, మూడవది జ్ఞాపకం. మూడింటినీ కలిపితే ఒక గంట పైచిలుకు. ఆ బడిలో చదివినవారినీ, చదవని వారినీ కలిపి 123 మందిని పరిశోధకులు నలభై ఏళ్ల వయసు వరకు అనుసరించి, చదివినవారి సంపాదన మెరుగ్గా ఉందనీ, అరెస్టులు తక్కువనీ తేల్చారు. ఆ ఫలితమంతా దినచర్య పుణ్యమే అనడానికి వీల్లేదు, ఎందుకంటే టీచర్లు వారానికోసారి ఇళ్లకు వెళ్లి తల్లులతో కూడా పనిచేశారు. అయినా ఖర్చులేని ఈ పద్ధతిని అంగన్‌వాడీలో పాటించడానికి అడ్డేమీ లేదు. 'నువ్వు ఏ మూలకు వెళ్తావు, అక్కడ ఏం చేస్తావు' అని పిల్లలను పంపేముందు అడగటానికి కావలసింది ఒక్కొక్కరికి అర నిమిషం.

ఇక సందుల సంగతి. ఆట ముగించి అన్నానికి లేవడం పిల్లలకు మామూలు విషయం కాదు. ఇష్టమైన పనిని వదలడం, వస్తువులను ఎక్కడివక్కడ పెట్టడం, గుంపుగా కదలడం, ఆకలిని ఆపుకొని వంతు కోసం ఆగడం అన్నీ ఒకేసారి చేయవలసి వస్తుంది. అందుకే పేచీలు, తోపులాటలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. ఇంకాసేపట్లో సర్దుకోవాలని ముందే హెచ్చరించడం, సర్దే వేళకు రోజూ ఒకే పాట పాడటం, ముప్పై మందిని ఒకే వరుసలో నిలబెట్టకుండా ఐదారుగురి చొప్పున కుళాయి దగ్గరికి పంపడం అనేవి చిన్న ఉపాయాలుగా కనిపిస్తాయి గానీ, గదిలో అరుపులు తగ్గేది వీటితోనే. దిమ్మెలను సైజుల వారీగా బుట్టల్లో వేయడం వర్గీకరణ, పళ్లేలను మనిషికొకటి చొప్పున పరచడం లెక్క. అలాంటి గణితానికి పీరియడ్ పేరు లేకపోవడమే దాని దురదృష్టం.

గిరిజన ప్రాంతాల్లో రోజూ మారని దినచర్య వరుస చేసే మేలు ఇంకా పెద్దది. ఇంట్లో గోండి, కోయ, కువి, సవర భాషలు మాట్లాడే బిడ్డ తెలుగు మాత్రమే వచ్చిన టీచరు దగ్గరికి వచ్చినప్పుడు మొదటి వారాల్లో ఆమె మాట ఒక్కటీ అర్థం కాదు. కానీ రోజూ పాట తర్వాత కుళాయి దగ్గరికి వెళ్తారని తెలిశాక, 'చేతులు కడుక్కోండి' అన్న మాట అర్థం పనిని బట్టే తెలిసిపోతుంది, వరుస ముందు, భాష వెనుక. వరుస రోజుకో రకంగా మారే కేంద్రంలో ఆ ఆసరా కూడా ఉండదు. తెలుగు ఇళ్ల నుంచి ఇంగ్లీషు మీడియం ఎల్‌కేజీలో అడుగుపెట్టే పిల్లల పరిస్థితి కూడా దాదాపు ఇదే, అయితే అక్కడ దానిని ఎవరూ సమస్యగా లెక్కించరు.

అంగన్‌వాడీలో భోజనం చదువుకు విరామం కాదు, రోజుకు నడుమనున్న స్తంభం. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఉదయం చిరుతిండి, మధ్యాహ్నం వేడి భోజనం కలిపి 500 కిలో కేలరీల శక్తి, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది అప్పటి నియమం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ భోజనంలో కోడిగుడ్డు ఉంటుంది. పప్పన్నం సొంతంగా కలుపుకొని ముద్ద చేసి నోటికి అందించుకోవడంలో, గుడ్డు పెంకు ఒలుచుకోవడంలో, రేపు బలపం పట్టవలసిన వేళ్లకు కావలసిన వ్యాయామం ఉంది. ఇంట్లో ఐదేళ్లు వచ్చినా టీవీ ముందు కూర్చోబెట్టి తినిపించే తల్లులు, అదే బిడ్డ కేంద్రంలో తన పళ్లెం తాను ఖాళీ చేసి కడిగి పెట్టడం చూసి ఆశ్చర్యపడతారు.

ఆరుబయట ఆట గురించి వాదన అక్కర్లేదు. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు శారీరకంగా చురుగ్గా ఉండాలనీ, అందులో 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలనీ, నిద్ర మొత్తం 10 నుంచి 13 గంటలు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన ఎండలకు ఆట ఉదయం పూటే కుదురుతుంది, వేసవిలో అయితే బడి తెరిచిన వెంటనే. అద్దె గదుల్లో నడిచే కేంద్రాలకూ, అపార్టుమెంటు కింది అంతస్తులో వెలసిన ప్లే స్కూళ్లకూ ఆరుబయలే లేకపోవడం అసలు చిక్కు. భోజనం తర్వాత కథ, కథ వెనుక చాపల మీద నిద్ర. ఉరుకులాట తర్వాత నెమ్మది, గుంపు పని తర్వాత ఒంటరి పని అన్న ఈ తూకమే దినచర్య రూపకల్పనలో ప్రధాన సూత్రం.

సూత్రం తెలిసినా అమలు చేయడంలో అంగన్‌వాడీ టీచరుకు ఎదురయ్యే ఇబ్బంది వేరు. నెలలో కొన్ని రోజులు పిల్లల బరువు తూచాలి, టీకాల రోజున ఆరోగ్య సిబ్బందికి సాయపడాలి, గర్భిణులు, బాలింతలు వస్తే వారిని చూడాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు నింపాలి. వీటిలో ఏది ముందుకు వచ్చినా వెనక్కి పోయేది పిల్లల ఆట వేళే. ఆయాకు పాటలు, కథలు నేర్పి, టీచరు రికార్డులు రాసే అరగంటనూ వరుస చెడకుండా ఆమెకు అప్పగించిన కేంద్రాలు మెరుగ్గా నడుస్తాయి. ఆయా అంటే వంటకు, ఊడ్పుకు మాత్రమేనని అనుకొనే చోట పిల్లలు గోడవారగా చేతులు కట్టుకొని కూర్చుంటారు.

దినచర్య పిల్లల బతుకును బట్టి మారాలన్న ఎరుక ఈ వ్యవస్థ పుట్టుకలోనే ఉంది. భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో నెలకొల్పిన దక్షిణామూర్తి బాలమందిరంలో ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్, 1945లో నేటి మహారాష్ట్రలోని బోర్డీ గ్రామానికి వెళ్లినప్పుడు, పేద పిల్లలు బడి వేళకు రాలేరని గ్రహించి బడినే వారి వాకిళ్లలోకి తీసుకుపోయారు. అంగన్‌వాడీ ఆలోచనకు మూలం అదే. అనుతాయి వాఘ్‌తో కలిసి తర్వాత కోస్బాడ్ కొండ మీద, పశువులు కాసే పిల్లల కోసం మేత బయళ్లలోనే బడి నడిపారు. ఒళ్లు కడగడం, గోళ్లు తీయడం, జుట్టు దువ్వడం వారి పట్టికలో పాఠాలే. వేళలు పిల్లల వీలును బట్టి మారాయి గానీ, శుభ్రత, ఆట, పాట, పని అన్న అల్లిక మారలేదు.

ప్రీస్కూలు దాటి ఒకటో తరగతిలో చేరే జూన్ నెలలో ఈ అల్లిక ఒక్కసారిగా తెగిపోతుంది. దీన్ని ఊహించే కేంద్ర ప్రభుత్వం 2021లో 'విద్యా ప్రవేశ్' పేరిట ఒకటో తరగతి పిల్లలకు మూడు నెలల ఆటపాటల కార్యక్రమం ప్రకటించింది. కార్యక్రమం పుస్తకం బీరువాలో భద్రంగా ఉండి, మొదటి వారమే తరగతికి పెద్దల తరగతుల్లాగే పీరియడ్ల పట్టిక వేస్తే ప్రయోజనం లేదు. మొదటి పక్షం రోజులు ఉదయం గుండ్రంగా కూర్చొనే సమయం, ఇష్టమైన ఆట, కథ అంగన్‌వాడీలో ఉన్న వరుసలోనే ఉంచి, పలక పట్టి కూర్చొనే వేళను పది నిమిషాల నుంచి మెల్లగా పెంచుకుంటూ పోతే, సెప్టెంబరు నాటికి పిల్లలు కొత్త వరుసకు అలవాటు పడతారు. ఒకటో తరగతి టీచరు వేసవి సెలవులకు ముందే పక్క అంగన్‌వాడీకి వెళ్లి ఒక పూట కూర్చొని వస్తే, అక్కడి సర్దే పాట ఏదో కూడా ఆమెకు తెలుస్తుంది.